పాత తలుపు – క్రొత్త తలాపు
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చదువరుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో పూర్వకవులను గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నాకు ముందు మాటలాడిన పెద్దలు ఆ ముచ్చటను చక్కగా తీర్చియున్నారు. నేను మాటలాడబోవునది మంచమును గూర్చి. పడుకొన్నవాని తలవైపును మనము తలాపు అందుము గదా. ఆ తలాపున నిలువుగా నుండి, కూర్చున్నవాని వీపునకు ఆధారమగు పలకను తలాపు పలక యందును. దానిని ఇంట మూలబడిన చెక్కలతో, తక్కువ సొమ్ముతో ఎట్లు చేసికొనవచ్చునో చెప్పెదను.

గ్రంథాలయమునకును మంచమునకును పొత్తేమని కొందఱు నవ్వవచ్చును. ఇచ్చట పుస్తకములిచ్చు పట్టీ వ్రాయువాడను నేను. లెక్కలు వ్రాయువానికి అంకెల నడుమ నున్న ఖాళీలు ముందుగా కనబడును. ఏండ్లు పైబడినకొలది కొందఱు పెద్దల పేర్లు పట్టీలో పలుచబడి, తుదకు మాయమగుచున్నవి. చూపు తగ్గినది కాబోలునని మనమందఱము సరిపెట్టుకొందుము. మా వీథిలో నొక పెద్దాయన భారత పర్వములను వరుసగా గొనిపోవుచు ఉద్యోగపర్వమును తిరిగి యిచ్చి, పిమ్మట రాలేదు. నేను వారింటికి పోయి యడిగితిని. కంటికి శస్త్రము జరిగినది, అద్దములు క్రొత్తవి, అక్షరము ముత్యమువలె కనబడుచున్నదట. కాని కుర్చీలో కాళ్లు వ్రేలవేసికొని అరగంట కూర్చున్నచో పాదములు వాచును. మంచముపై కాళ్లు చాపుకొన్నచో వెన్నున కానుకొనుటకేమియు లేదు. గోడ కానుకొందమన్న, మంచమునకును గోడకును జానెడు ఎడము; పైగా ఆ గోడ చెమ్మ. “కన్ను గాదు నాయనా, వెన్ను” అని ఆయన నవ్వినాడు.

ఆ వారముననే వారి కుమారులు పాత మండువా యింటి ముందు భాగమును విప్పించిరి. రెండు టేకు తలుపు రెక్కలు గడ్డివామి ప్రక్కన పడియున్నవి. ఒక వ్యాపారి వంటచెఱకు తూకమున వాటికి బేరమాడి పోయినాడు. వీపునకు ఆధారము లేని మనిషి యొకచోట, పొయ్యిలోనికి పోనున్న టేకు పలక ఇంకొకచోట, రెంటి నడుమ దూరము పది గజములు. ఆ పది గజములను గూర్చియే నా ప్రసంగము.

మంచపు కఱ్ఱను గూర్చి మన పెద్దలు అలక్ష్యము చేయలేదు. ఆఱవ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరాచార్యుని బృహత్సంహితలో శయ్యాసన లక్షణమను అధ్యాయమొకటి గలదు. టేకు, శింశుప, తుమికి, దేవదారువు, చందనము మొదలగునవి పడకకు తగినవని ఆయన పేర్కొనెను. పిడుగు పడినవి, వరద త్రోసినవి, ఏనుగు విఱిచినవి, తేనెపట్టులును పక్షిగూళ్లును గలవి, శ్మశానమున మొలచినవి కూడవనెను. రాజు మంచము నూఱంగుళములు, యువరాజుది తొంబది యని కొలతలు పెట్టెను. ఎనిమిది యవధాన్యపు గింజలు ప్రక్కప్రక్కన పేర్చిన వెడల్పు ఆయన అంగుళము. దానిని నేటి అంగుళములో సుమారు ముప్పాతికగా గణించినచో, రాజుగారి మంచము 75 అంగుళములు, అనగా ఆఱుంబాతిక అడుగులు. నేడు అంగళ్లలో దొరకు పరుపుల పొడవులలో నొకటి సరిగా 75 అంగుళములే! రాజుల కాలము పోయినను మనిషి పొడవు మాఱలేదు.

ఆ యధ్యాయముననే ఇంకొక మాట గలదు. ఒకే జాతి కఱ్ఱతో చేసిన మంచము మంచిది, రెండు జాతులైన ఇంకను మంచిది, మూడు నాలుగు వఱకును శుభమే. అయిదు జాతులు కలిపినచో పండుకొన్నవానికి చేటు, అంతకు మించిన కులనాశనము! ఫలశ్రుతిని నమ్ముటయు మానుటయు మీ యిష్టము. నాకు తోచిన కారణమొకటి చెప్పెదను. ప్రతి కఱ్ఱయు వానకాలమున చెమ్మ పీల్చి ఉబ్బును, వేసవిలో కుంచించుకొనును. ఈ ఉబ్బుటయు తగ్గుటయు జాతిజాతికి వేఱు. దొరికిన ముక్కనెల్ల తెచ్చి యొకచోట బిగించిన, ఒకటి లాగును, ఒకటి నెట్టును, అతుకులు వదలును. పాత సామానుతో పని చేయువారు మొదట గుర్తుంచుకొనవలసినది ఇదియే. ఇల్లంతయు వెదకి పది రకముల చెక్కలు ప్రోగుచేయవలదు. ఒక తలుపు చాలును.

పాత తలుపునందొక సుగుణము గలదు. ఎండవలసినంత ఎండి, వంగవలసినంత వంగి, ఇక కదలుటకు దానికి ఓపిక లేదు. క్రొత్త పచ్చి చెక్కకు ఈ నిలుకడ రాదు. ఱంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలు అంగడిలో నునుపుగా మెఱయునుగాని, అడుగున నీరు తగిలిన అట్లపిండివలె పొంగును. ఒకసారి ఊడిన మరమేకు అదే బెజ్జమున మరల పట్టదు. ఆడపిల్ల పెండ్లికి అప్పుచేసి అటువంటి మంచము కొని, మూడవ వానకాలమునకు మూల పడవేసినవారిని మీరును ఎఱుగుదురు.

రెక్కను ఎన్నుకొనుట యెట్లు? పిడికిలి మెటికలతో నిలువునా తట్టుకొని పోవలెను. గట్టిచోట కణకణమనును, పుచ్చుచోట డొల్ల శబ్దము వచ్చును. పిమ్మట మేకు మొనతో నొక్కి చూడవలెను. సులువుగా దిగినచో ఆ భాగము పనికిరాదు. అడుగున సన్నని పిండి రాలుచున్నదా చూడుడు. ఒక రాత్రి నల్లగుడ్డపై నిలిపి ఉదయమున చూచిన తెలియును. క్రొత్త పిండి యున్నచో పురుగు ఇంకను లోపలనున్నదని అర్థము. మట్టి గీతలు చెదల గుర్తు. ఏ తలుపునకైనను అడుగు భాగము మొదట చెడును. మనము దినదినము గడప కడుగుదుము గదా, ఆ నీరు రెక్క పాదమునే తినును. కావున క్రింది ఆఱంగుళములను ఆలోచింపక కోసివేయవలెను.

గడప మాటవచ్చినది గనుక ఒక సందేహము తీర్చెదను. పసుపు కుంకుమలు పెట్టిన కఱ్ఱను తలవద్ద పెట్టుకొనవచ్చునా యని ఇద్దఱు అమ్మలు నన్నడిగిరి. పూజ గడపకు, రెక్కకు గాదు. గడపను వాడవలదు. మంచిదైన దానిని క్రొత్త యింటి గుమ్మమునకే అమర్చుకొనుడు.

ఇప్పుడు లెక్క. 6 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంగుళమున్ పాతిక మందము గల నిండు పలకల రెక్కయొక్క ఘనము సుమారు 0.94 ఘనపుటడుగు. ఎండిన టేకు ఘనపుటడుగు 18 కిలోల చిల్లర తూగును. అనగా రెక్క బరువు 17 కిలోలు. ఇంత బరువును గోడకు మేకులతో వ్రేలాడదీయుట పొరపాటు. మన పాత ఇండ్ల మట్టిగోడలు, సున్నపుగోడలు మేకును పట్టవు; నిద్రించువాని తలపై 17 కిలోలు వ్రేలాడుట ఎవరికిని క్షేమము గాదు. పలక తన కాళ్లపై తాను నేలమీద నిలిచి, మంచపు కోళ్లకు బిగింపబడి యుండవలెను.

నాలుగడుగుల వెడల్పు మంచమునకు రెక్కను అడ్డముగా పరుండబెట్టి 4 అడుగులకు కోసిన బరువు 11 కిలోలకు దిగును. అడుగున్నర వెడల్పు ఇప్పుడు ఎత్తగును. దానిని పరుపు మట్టమునకు 5 అంగుళములు పైగా నిలిపిన, పైయంచు 23 అంగుళముల ఎత్తున వచ్చి సామాన్యమైన మనిషి భుజమునకు చేరును. ఈ కొలతను పుస్తకము చూచి పెట్టవలదు. ఎవరికొఱకు చేయుచున్నారో వారిని మంచముపై కూర్చుండబెట్టి కొలువుడు. నవారు మంచమైన అది క్రుంగిన పిదప కొలువుడు. తల కూడ ఆన్చవలసిన ముసలివారికి ఇంకొక 5 అంగుళములు కావలెను.

నిలువు కాళ్లకు పాత ద్వారబంధపు నిలువు కమ్ములుగాని, గట్టి వాసములుగాని చాలును. మంచము ఎత్తు 18 అంగుళములు, పైన 23, వెరసి 41 అంగుళములు. ఒక్కొక్క కాలిని మంచపు కోటికి రెండేసి బోల్టులతో బిగింపవలెను. ఒకటి పట్టె దగ్గఱ, మఱియొకటి వీలైనంత క్రిందుగా. రెండును దగ్గఱదగ్గఱగా నున్న ప్రయోజనము లేదు. పైన వీపు నెట్టినపుడు కాలు తులాదండమువలె పనిచేసి మేకులను పెకలించును. కావుననే మేకులు వలదు, బోల్టులే కావలెను.

నిట్టనిలువు పలక వీపునకు శిక్ష. అడుగు ఎత్తునకు రెండంగుళముల చొప్పున వెనుకకు వాలి యుండవలెను. మన పలక అడుగున్నర గనుక వాలు మూడంగుళములు. కోయగా మిగిలిన ముక్కనుండి రెండు ముక్కోణపు చెక్కలు తీసి, అడుగున 3 అంగుళముల మందము, పైకి పోనుపోను సన్నగిల్లునట్లు చెక్కి, కాలికిని పలకకును నడుమ నుంచి మరమేకులు బిగించిన వాలు కుదురును. ప్రతి మరమేకునకును ముందుగా బరమాతో సన్నని బెజ్జము చేయవలెను. పాత టేకు పెళుసు. తిన్నగా దిగగొట్టిన చీలిపోవును.

కోయుటకు ముందు రెక్కలో దాగిన ఇనుమును తీయవలెను. చూపునకు దొరకని మేకులకు, పాడైన రేడియో వెనుక నుండు అయస్కాంతమును విప్పి పలకపై మెల్లగా నడిపించుడు. మేకున్నచోట అది చేతిని లాగును. వడ్రంగి ఱంపపు పళ్లు విఱిగినచో ఆ వ్యయము మీదియే యగును.

రంగు వేసిన తలుపైన మిక్కిలి జాగ్రత్త వలయును. పూర్వపు రంగులలో సీసము ఎక్కువగా కలిపెడువారు. ఇంటి రంగులలో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసము ఉండరాదని 2016లో మన ప్రభుత్వము నియమము చేసినది; అది 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందటి రంగును పొడిగా గీకినచో ధూళి ఊపిరిలోనికి పోవును. మంటతో కాల్చినచో ఆవిరి పోవును. పసిపిల్లల మెదడునకు ఈ సీసము చేయు కీడు తిరిగి కుదురునది కాదు. కావున ఆరుబయట, పిల్లలును గర్భిణులును లేనిచోట, ముక్కునకు గుడ్డ గట్టుకొని, పలకను తడిపియే గరుకు కాగితముతో రుద్దవలెను. రాలిన పెచ్చులను ప్రోగుచేసి మూటగట్టవలెను గాని, పెరటి పాదులలోనికి ఊడ్వరాదు. రంగు గట్టిగానే యున్నచో దానిని కదపక పైన క్రొత్త పూత వేయుట మేలు. వీలైనంతవఱకు రంగెఱుగని, నూనె త్రాగిన తలుపునే ఎంచుకొనుడని నా సలహా.

తలవద్దకు తెచ్చు చెక్కలో నల్లులుండరాదు. కాగుచున్న నీటిని ప్రతి పగులులోనికిని పోసి, నాలుగుదినములు మండుటెండ చూపవలెను. పిమ్మట వెలిగారమును వేడినీట కరగించి రెండు పూతలు పూసిన పుచ్చుపురుగునకు అది గిట్టదు. ఆరిన పిదప పగుళ్లను జిగురుతో కలిపిన ఱంపపు పొట్టుతో పూడ్వవలెను. వరాహమిహిరుడు కఱ్ఱలోని తొఱ్ఱలకు ఆఱు పేర్లు పెట్టెను. అందులో నొకదాని పేరు సూకరనయనము, పందికన్ను. అటువంటి కన్ను ఏ ఆకారముననున్నను నల్లికి నివాసమే, పూడ్చివేయుడు.

తుది పూతకు ఇంటనున్న నూనె యేదైన చాలునని తలపవలదు. ఆముదము ఎన్నినాళ్లైనను ఆరదు. ధూళి పట్టి జిడ్డగును, దిండు గలీబులు పాడగును. ఆరెడు నూనె అవిసె నూనె. రంగుల అంగడిలో కాచిన అవిసె నూనె యని యడిగి తెచ్చి, పలుచగా పూసి, పావుగంట తరువాత మిగులును తుడిచివేసి, ఒకనాడు విడిచి మరల పూయవలెను. మూడు పూతలు చాలును. ఇందొక ప్రమాదము గలదు, శ్రద్ధగా వినుడు. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేసినచో, నూనె ఆరుచు పుట్టించు వేడి లోపల చిక్కుకొని, నిప్పు తగులకయే అవి మండవచ్చును. గుడ్డలను విప్పి ఆరుబయట పఱచి ఆరవేయుడు. లేదా నీటిలో ముంచి యుంచుడు. గడ్డివామి దరిదాపుల పడవేయకుడు.

ఇక వీపునకు మెత్తదనము. దీనికి మన అమ్మలకు ఎవరును నేర్పనక్కఱలేదు. బొంత కుట్టిన చేతులివి. చీర 18 అడుగుల పొడవు, మూడుమ్ముప్పాతిక అడుగుల వెడల్పు. వైశాల్యము 67 చదరపుటడుగులు. పలక కప్పు 4 అడుగులకు 2, అనగా 8 చదరపుటడుగులు. ఒక పాత నేతచీర ఎనిమిది మడతలగును. రెండు చీరలు పదునాఱు. దగ్గఱదగ్గఱగా దూసికుట్టు కుట్టి, నాలుగు మూలలను నాడాలు పెట్టి పలకకు కట్టిన చాలును. దూది నింపి మేకులతో శాశ్వతముగ కొట్టుట అందముగా నుండును గాని, ఉతుకుటకు వీలుపడదు. విప్పుటకు వీలులేని మెత్తను మంచమునకు తగిలించువారు నల్లులకు ఇల్లు కట్టి యిచ్చినవారగుదురు.

తలుపు లేనివారేమి చేయవలెనని ప్రశ్న. పాత కిటికీ చట్రమునకు నవారు అల్లినచో అదియు తలాపే. తేలికయైన నులక మంచమునకు నిజముగా ఇదియే తగినది. బరువైన టేకు పలకను దానికి తగిలించినచో, మనిషి లేనపుడు మంచము వెనుకకు ఒఱగును. నవారును ముందుగా వేడినీట ఉతికి, తడి యుండగనే బిగువుగా లాగి అల్లవలెను. పట్టణములో సరకు దింపిన చెక్క చట్రములు కొందఱు తెచ్చుచున్నారు. విదేశములనుండి వచ్చిన చట్రములపై ముద్రలుండును. 2002లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి వేయు ముద్రలివి. హెచ్.టి. యని యున్నచో వేడిచేత పురుగును చంపిన చెక్క, తీసికొనవచ్చును. ఎం.బి. యని యున్నచో విషవాయువు పట్టించినది, పడకటింటికి వలదు. నూనెయో మందులో ఒలికిన మరకలున్నచో ఏ ముద్రయున్నను వలదు.

వ్యయపు పట్టీ చదివెదను. బోల్టులు 4, మరమేకులు 16, గరుకు కాగితములు 4, అవిసె నూనె అరలీటరు, వెలిగారము పావుకిలో, జిగురు చిన్న డబ్బా, వడ్రంగి కూలి ఒక దినము. ధరలు ఊరూర మాఱును గనుక అంకె చెప్పను; మన యూరిలో ఈ పట్టీలో సగముకంటె ఎక్కువ వడ్రంగి కూలియే యగును. ఆ కూలిని తగ్గింపజూడవలదు. మేకులు తీయుట, రుద్దుట, కాగునీరు పోయుట, పూత పూయుట మీరే చేసికొనుడు. కోత, బెజ్జములు, బోల్టులు ఆయనకు విడువుడు. పాత చెక్కయని చెప్పిన వడ్రంగి మొదట విసుగుకొనును, ఱంపము చెడునని ఆయన భయము. అయస్కాంతము సంగతి చెప్పినచో ఒప్పుకొనును.

మా వీథి పెద్దాయనకు చేసిన పలకకు ఒక ప్రక్క, వెనుకవైపునకు పొడుచుకొనునట్లు, పదునెనిమిదంగుళముల చిన్న బల్ల అమర్చితిమి, అద్దములును పుస్తకమును పెట్టుకొనుటకు. దానిపై దీపముగాని, విద్యుత్తు తీగెలుగాని పెట్టరాదని ముందే కట్టడి చేసితిమి. తల తూర్పునకు వచ్చునట్లు మంచము త్రిప్పుటకు ఒక పూట పట్టినది. తలుపు గొలుసును ఆయన ఊడదీయనీయలేదు; చిన్ననాట వాళ్లమ్మ ఆ చప్పుడు విని లేచి తలుపు తీసెడిదట. గొలుసు ప్రక్కన అట్లే వ్రేలాడుచున్నది. భీష్మపర్వము ఇప్పుడు వారింట నున్నది. గడువు దాటినది, జుల్మానా వ్రాయలేదు, కార్యవర్గము మన్నించవలెను.

రెండవ రెక్కను ఆయన మన గ్రంథాలయమునకు ఇచ్చినారు. దానితో చేసిన నమూనా పలక వెనుక గదిలో ఒక మంచమునకు బిగించి యున్నది. ఱంపము, బరమా, అయస్కాంతము కూడ అచ్చటనే యున్నవి. పుస్తకములవలెనే పట్టీలో సంతకము చేసి పదునైదు దినములకు గొనిపోవచ్చును. సభ ముగిసిన పిదప ఒక్కొక్కరు కూర్చుండి, ఆనుకొని చూడుడు. ఎడమవైపు అంచును మాత్రము ముట్టవలదు, అచ్చట మూడవ పూత ఇంకను ఆరలేదు.